సీపీయూ మీద మరచెంబు నీళ్ళు ఒలికాయి, గంటాగి ఆన్ చెయ్యొచ్చా?

ద్రాక్షారామ_డీటీపీ
అరగంట క్రితం జరిగింది. సీపీయూ డబ్బా బల్ల పక్కన స్టూలు మీద ఉంటుంది. దాని మీద మా అమ్మ మరచెంబు పెట్టింది, మూత పూర్తిగా బిగించలేదు. మా చిన్నోడి మోచెయ్యి తగిలి పడిపోయింది. డబ్బాకి పైన గాలి కోసం జాలీ ఉంది కదా, అర లీటరు నీళ్ళు అందులోంచి నేరుగా లోపలికి పోయాయి. టప్ మని చప్పుడైంది, స్క్రీను నల్లబడింది, అంతే.

బయటంతా తుడిచి ఫ్యాను కింద పెట్టాను. గంటాగి ఒకసారి ఆన్ చేసి చూడొచ్చా? శ్రావణమాసం పెళ్ళిళ్ళు, రేపు పొద్దున 10కి రెండు శుభలేఖలు ప్రెస్సుకి ఇవ్వాలి. అవి పోతే మళ్ళీ కొట్టుకుంటాను. నా అసలు భయం వేరే. మా నాన్నగారు పద్యాలు పాడుతుంటే రికార్డు చేసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇంకెక్కడా కాపీ లేదు.

ముక్తేశ్వరం_మెకానిక్
ఆన్ చెయ్యకండి. గంటకీ వద్దు, పొద్దున్నకీ వద్దు. ముందు ఇది చెప్పండి, తీగ ఊడదీశారా? గోడ స్విచ్చి ఆపడం గురించి కాదు నేనడిగేది. సీపీయూ వెనకాల గుచ్చిన తీగ బయటికొచ్చిందా?

ద్రాక్షారామ_డీటీపీ
గోడ స్విచ్చి ఆపేశాను. తీగ అలాగే ఉంది. యూపీఎస్ కీచుకీచుమంటోంది.

కాకినాడ_లైన్‌మన్
అమ్మా, యూపీఎస్ అరుస్తోందంటే గోడ కరెంటు పోయి అది తన బ్యాటరీ మీద నడుస్తోందని. అంటే ఆ తడి డబ్బాకి ఇప్పటికీ 230 వోల్టులు వెళ్తున్నాయి. ఇది చదివేటప్పటికి లేచి ఉండండి.

చేతులు పొడిగా తుడుచుకోండి. కాళ్ళకి రబ్బరు చెప్పులు వేసుకోండి. కింద నీళ్ళుంటే అందులో నిలబడకండి. డబ్బా ఇనప రేకుని ముట్టుకోకుండా ముందు యూపీఎస్ బొత్తం నొక్కి పట్టుకుని ఆపండి, కీచు ఆగాలి. ఆ తరవాత యూపీఎస్‌ని గోడ నుంచి పీకండి, చివర్లో సీపీయూ తీగ పీకండి. ఇంట్లో ఇన్వర్టరు కూడా ఉంటే మెయిన్ ఆపినంత మాత్రాన స్విచ్చిబోర్డులో కరెంటు పోయిందనుకోకండి. పిల్లాణ్ణి ఆ గదిలోకి రానివ్వకండి.

ద్రాక్షారామ_డీటీపీ
ఆపేశాను. అన్నీ పీకేశాను. చేతులు వణుకుతున్నాయి.

రాజోలు_రమణి
కూర్చుని మంచినీళ్ళు తాగు అక్కా. (ఆ గదికి దూరంగా.) ప్రమాదం దాటింది. ఇంక మిగిలింది నిదానంగా చేసుకునే పనే.

భీమవరం_బుల్లోడు
లైన్‌మన్ బాబాయ్ పోస్టు చదివి నేను కూడా లేచి నిలబడ్డాను, నా సీపీయూ పొడిగానే ఉన్నా సరే 😅

ముక్తేశ్వరం_మెకానిక్
ఇప్పుడు నెమ్మదిగా చెప్తాను. తీగ ఎందుకు పీకమన్నానంటే, కంప్యూటరు షట్‌డౌన్ అయి ఉన్నా, స్విచ్చి వేసి ఉన్నంతసేపూ ఎస్సెంపీఎస్ (గోడ కరెంటుని తగ్గించి లోపలికి అందించే డబ్బా) నుంచి మదర్‌బోర్డుకి 5 వోల్టులు పోతూనే ఉంటాయి. కీబోర్డు నొక్కితే లేచే కంప్యూటర్లు లేస్తున్నది ఆ కరెంటు వల్లే. బోర్డు మీద చిన్న లైటు వెలుగుతుంటుంది చూడండి, అదే దానికి గుర్తు.

నీళ్ళు పడ్డంత మాత్రాన బోర్డు చావదు. బోర్డు తయారయ్యేటప్పుడే కడుగుతారు చాలా చోట్ల. నీళ్ళు ఉండగా కరెంటు ఉంటేనే చస్తుంది. శుద్ధమైన నీటిలో కరెంటు పారడం చాలా తక్కువ, మన నీళ్ళలో కరిగి ఉన్న లవణాలే దాన్ని మోసుకుపోతాయి. వెంట్రుకవాసి దూరంలో ఉన్న చిప్పు లోహపు కాళ్ళు రెండింటి మధ్య చుక్క నిలిచిందంటే చాలు. ఒక కాలు కరిగి పచ్చగా తుప్పు పడుతుంది, లేదా షార్టవుతుంది. నా దగ్గరికి తడిసి వచ్చిన వాటిలో బాగుపడనివి ఎక్కువగా ఒలికిన రోజున పోయినవి కావు. "పని చేస్తుందేమో చూద్దాం" అని మూడుసార్లు బొత్తం నొక్కి తెచ్చినవి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది: తీగ లేకుండా పవర్ బొత్తం పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన ఛార్జి కొంత దిగుతుంది. పక్క డోరు రెండు స్క్రూలు విప్పి తియ్యండి. ఫొటో తీసి పెట్టండి. ఎస్సెంపీఎస్ పైన ఉందా, కింద ఉందా?

ద్రాక్షారామ_డీటీపీ
డోరు తీశాను. ఎస్సెంపీఎస్ కింద ఉంది. దాని ఫ్యాను పైకి చూస్తోంది. ఫ్యాను రెక్కల మీద నీళ్ళు మెరుస్తున్నాయి. బోర్డు పైభాగంలో, పెద్ద ఫ్యాను చుట్టూ చుక్కలున్నాయి. ర్యాము దగ్గర తడి. ముందు వైపు హార్డ్ డిస్కు ఉంది, దాని లేబుల్ మీద రెండు చుక్కలు. విండోస్ వేరే ఎస్సెస్డీ అనే చిన్న డిస్కులో ఉంది, అది వెనక వైపు బిగించారు, పొడిగానే ఉంది. నాన్నగారివి పెద్ద డిస్కులో.

ముక్తేశ్వరం_మెకానిక్
ఇది కొంత మంచి కబురు. నీళ్ళన్నీ జారి ఎస్సెంపీఎస్‌లో దిగాయి. ఆ టప్ మన్నది దాని ఫ్యూజో లోపలి భాగమో అయి ఉంటుంది. అది పోయింది అనుకోండి, వదిలెయ్యండి. దాన్ని విప్పాలని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైన నిలవ ఉంటుంది, తీగ పీకిన తరవాత కూడా కొంతసేపు అలాగే ఉంటుంది.

హార్డ్ డిస్కు మీద చిన్న రంధ్రం ఉంటుంది, పక్కనే దీన్ని మూయవద్దని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. డిస్కు గాలి పీల్చుకునే దారి అది. ఆ చుక్కలు రంధ్రం మీద పడ్డాయా?

ద్రాక్షారామ_డీటీపీ
టార్చి వేసి చూశాను. లేదండి. రంధ్రానికి రెండు వేళ్ళ దూరంలో ఉన్నాయి.

ముక్తేశ్వరం_మెకానిక్
అయితే వంచకుండా, అలా ఉండగానే పొడి నూలుగుడ్డతో చుక్కల్ని అద్ది తియ్యండి, రుద్దొద్దు. తరవాత రెండు తీగలూ పీకి డిస్కుని బయటికి తీసి పొడి గుడ్డ మీద పెట్టండి. దాని పని ఇవాళ్టికి అయిపోయింది.

పాలకొల్లు_ఫొటో
ఇంత హడావిడి అక్కర్లేదనుకుంటాను. మా స్టూడియోలో మూడేళ్ళ క్రితం ఇలాగే పడ్డాయి. హెయిర్ డ్రయ్యర్ పావుగంట పట్టాను, అదే రాత్రి ఆన్ చేశాను, ఆల్బమ్ పని పూర్తి చేసి పొద్దున్నే ఇచ్చాను. మేడంగారికీ పని ఉంది కదా, ట్రై చెయ్యమనండి.

ముక్తేశ్వరం_మెకానిక్
@పాలకొల్లు_ఫొటో డ్రయ్యర్ వేడిగాలి పైకి కనిపించే చుక్కని ఆరబెడుతుంది. స్లాటులోకీ చిప్పు కిందికీ చేరిన దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది. వేడికి ప్లాస్టిక్ క్లిప్పులు వంగుతాయి కూడా. మీకు ఆ రాత్రి నడిచింది, సంతోషం. ఆ బోర్డు ఇప్పటికీ నడుస్తోందా?

మార్టేరు_మడి
బియ్యం డబ్బాలో పెడితే తేమ లాగేస్తుందంటారు కదా? ఫోను తడిస్తే మా ఇంట్లో అదే చేస్తాం. హార్డ్ డిస్కు వరకైనా బియ్యంలో పెట్టమనండి.

భీమవరం_బుల్లోడు
సీపీయూకైతే పావు బస్తా పడుతుంది బాబాయ్. స్వర్ణ వెయ్యాలా, బీపీటీ వెయ్యాలా?

మార్టేరు_మడి
స్వర్ణ మా ఊళ్ళో పుట్టిన విత్తనం, ఎంటీయూ 7029, దాన్ని అవమానించకు తమ్ముడూ. 😀 నిజంగానే అడుగుతున్నాను, పని చెయ్యదా?

ముక్తేశ్వరం_మెకానిక్
చెయ్యదండి. మామూలు గాలి తగిలేలా ఉంచితే ఆరేదానికంటే బియ్యం ఎక్కువేం లాగదు. పైగా తవుడు, పిండి స్లాట్లలో చేరి తడితో కలిసి ముద్దవుతాయి. బియ్యంలో పెట్టి తెచ్చిన ఫోను ఛార్జింగు కన్నంలోంచి నూకలు పీకిన రోజులున్నాయి నాకు. కొత్త చెప్పుల డబ్బాలో, మందుల సీసాల్లో వస్తాయే సిలికా జెల్ పొట్లాలు, అవి నిజంగా తేమ పీలుస్తాయి. ఉంటే మూత గట్టిగా పడే డబ్బాలో ర్యాము, ఎస్సెస్డీ లాంటి చిన్నవాటితో పాటు వెయ్యండి.

లంక_గట్టు
హార్డ్ డిస్కు గురించి ఒక మాట. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది గుర్తుందా. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులైతే నీళ్ళు దాని మీద నుంచి పోయాయి. మా లంకలో ఇంటి గోడ మీద మా తాతగారు 1986 వరదకి గీసిన గీత ఉంది. ఈసారి ఆ గీత దాకా రాదులే అనుకుని కంప్యూటరు బల్ల మీదే వదిలి, పశువుల్ని తోలుకుని గట్టు ఎక్కాం. గీత దాకా రాలేదు గానీ బల్ల మునిగింది. నాలుగు రోజులు ఒండ్రు నీళ్ళలో ఉంది సీపీయూ.

తిరిగొచ్చాక డిస్కు తీసి ఎండలో పెట్టబోతుంటే డేటా తీసే ల్యాబుకి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాళ్ళు చెప్పిన మొదటి మాట, ఆరబెట్టకండి అని. తడి గుడ్డలో చుట్టి, జిప్ కవర్లో గాలి పోకుండా మూసి పంపమన్నారు. ఆరితే ఒండ్రు డిస్కు లోపల డేటా ఉండే పళ్ళేల మీద గట్టిపడి అంటుకుపోతుందట. అలాగే పంపాం. మా కొబ్బరి లెక్కలు, మా అమ్మాయి చిన్నప్పటి ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి. అందుకని ఆ డిస్కుని ఆరబెట్టమనడం తప్పేమో చూడండి.

రాజోలు_రమణి
ఇప్పుడు ఎవరి మాట వినాలి? ఒకరు ఆరబెట్టమంటారు, ఒకరు తడిగా ఉంచమంటారు.

ముక్తేశ్వరం_మెకానిక్
ఇద్దరి మాటా నిజమేనండి. లంక_గట్టు గారిది మునిగిన డిస్కు. రంధ్రంలోంచి ఒండ్రు నీళ్ళు లోపలికి పోయాయి. అలాంటి దాన్ని ఆరబెట్టకూడదు, విప్పకూడదు, ఒక్కసారి కూడా కరెంటు ఇవ్వకూడదు, నేరుగా ల్యాబుకే. వాళ్ళకి చెప్పినవాళ్ళు సరిగ్గా చెప్పారు. మేడంగారిది మూత మీద రెండు చుక్కలు పడిన డిస్కు, లోపలికి ఏమీ పోలేదు. ఇది ఆరితే చాలు. వీళ్ళకే ఆ చుక్క రంధ్రం మీద పడి ఉంటే నేనూ ల్యాబనే చెప్పేవాణ్ణి, నాన్నగారి గొంతుతో పందెం కాయలేం కదా.

ఇంకోటి. డిస్కు కింద పచ్చబోర్డు కాలితే అలాంటి డిస్కే ఇంకోటి కొని బోర్డు మార్చేస్తే సరిపోతుందని వీడియోల్లో చెప్తారు. ఇప్పటి డిస్కుల్లో చాలావాటికి అలా కుదరదు. ఆ డిస్కుకి మాత్రమే చెందిన సమాచారం పాత బోర్డు మీది చిన్న చిప్పులో ఉంటుంది, దాన్ని కూడా ఊడదీసి కొత్త బోర్డుకి అతికించాలి. ఇంట్లో చేసే పని కాదు.

లంక_గట్టు
అర్థమైంది. మునిగినదానికీ చుక్కలు పడినదానికీ తేడా నాకు తట్టలేదు. ఆ మేడంగారి డిస్కు బతకాలి.

ద్రాక్షారామ_డీటీపీ
అందరికీ పేరుపేరునా చెప్పాలని ఉంది. రాత్రి 11 అవుతోంది. డిస్కు తీశాను, ర్యాము రెండు ముక్కలూ తీశాను. బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ ఉంది, వాచీలో ఉండేలాంటిది పెద్దది. అది తియ్యాలా? తీస్తే విండోస్ పోతుందా?

ముక్తేశ్వరం_మెకానిక్
తియ్యండి, మంచి ప్రశ్న. సీఆర్ 2032 అంటారు, 3 వోల్టులు. తీగలన్నీ పీకినా బోర్డు మీద మిగిలే కరెంటు అదొక్కటే. తడి బోర్డులో రెండు రోజులు ఆ 3 వోల్టులు ఉంటే చాలు, తుప్పు మొదలవడానికి. పక్కన చిన్న కొక్కెం ఉంటుంది, గోరుతో నొక్కితే పైకి లేస్తుంది. విండోస్‌కి, ఫైళ్ళకి ఏమీ అవదు. తేదీ, బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులు మాత్రం మొదటికొస్తాయి.

తరవాత డబ్బాని, బోర్డు నిలువుగా ఉండి నీళ్ళు కిందికి జారేలా గోడకి ఆనించండి. టేబుల్ ఫ్యాను మూడడుగుల దూరంలో, మామూలు గాలి. ఇలాంటి ముసురులో 24 గంటలు చాలవు, రెండు రోజులు. ఎవరింట్లోనైనా ఏసీ గది ఉంటే ఇంకా మేలు, ఏసీ గాల్లో తేమని లాగేస్తుంది.

మార్టేరు_మడి
ఎండ కాస్తే వడియాలు ఆరబెట్టినట్టు మేడ మీద పెట్టకూడదా?

ముక్తేశ్వరం_మెకానిక్
ఖాళీ ఇనప డబ్బాని పెట్టుకోండి. బోర్డుని, డిస్కుల్ని వద్దు. శ్రావణంలో ఎండని నమ్మి మేడ మీద పెట్టి లోపలికొస్తే వాన పడుతుంది, మీకు తెలియనిదా.

రాజోలు_రమణి
అక్కా, శుభలేఖల సంగతి ఆలోచించాను. పెళ్ళివాళ్ళకి ప్రూఫు చూపించడానికి వాట్సాప్‌లో పంపి ఉంటావు కదా? ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది గానీ, పీడీఎఫ్‌ని డాక్యుమెంటుగా పంపి ఉంటే అది ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. దాన్నే ప్రెస్సుకి పంపొచ్చు.

ద్రాక్షారామ_డీటీపీ
రమణీ! ఒకటి డాక్యుమెంటుగానే పంపాను. ఇప్పుడే తెరిచి చూశాను, అక్షరాలు సూదుల్లా ఉన్నాయి. రెండోది ఫొటోగా పంపాను, మసకగా ఉంది, కానీ చూసి కొట్టడానికి చాలు. పొద్దున్నే 6కి మా స్నేహితురాలి షాపుకి పోయి కొట్టేస్తాను. గోత్రాలు, ముహూర్తం సరిచూసుకోవాలి అంతే.

కాకినాడ_లైన్‌మన్
ముహూర్తం రెండుసార్లు చూడమ్మా. ఏఎం, పీఎం తారుమారైతే పీటల మీద ఎవరూ ఉండరు.

సఖినేటిపల్లి_చెరువు
ఆలస్యంగా చూశాను. ఒలికినవి ఏ నీళ్ళో ఎవరూ అడగలేదు. మా వైపు అదే మొదట అడుగుతాం. నాకు రొయ్యల చెరువు ఉంది, గట్టు మీద షెడ్డులో మేత లెక్కలు, ఏరియేటర్ల టైమింగులు చూసుకోవడానికి కంప్యూటరు పెట్టాను. పోయిన ఏడాది కూలీ కుర్రాడు చెరువు నీళ్ళ శాంపిల్ సీసా దాని మీద ఒంపేశాడు. 15 పీపీటీ, అంటే లీటరుకి 15 గ్రాముల ఉప్పు. సముద్రంలో 35 ఉంటుంది. రెండు రోజులు శ్రద్ధగా ఆరబెట్టాను, పైకి బ్రహ్మాండంగా ఆరింది. ఆన్ చేస్తే చిటచిటమని పోయింది. నీళ్ళు పోయాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు కదా, అక్కడే కూర్చుంది. ముసురు పట్టినప్పుడల్లా ఆ ఉప్పు మళ్ళీ తేమ తాగి తడుస్తుంది. ఆరబెట్టడం ఒక్కటే చాలదు, కడగాలి. నాకు ఆ ముక్క అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, అందుకే చెప్తున్నాను.

ద్రాక్షారామ_డీటీపీ
మరచెంబులో పోసింది 20 లీటర్ల టిన్ను నీళ్ళండి, ఆర్వో ప్లాంటువి.

సఖినేటిపల్లి_చెరువు
అదృష్టవంతులు. అందులో లవణాలు తక్కువ. బోరు నీళ్ళయితే వేరే కథ.

ముక్తేశ్వరం_మెకానిక్
చెరువుగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను మొదటే అడగాల్సిన ప్రశ్న. ఆర్వో నీళ్ళయినా ఎస్సెంపీఎస్ దుమ్ము, బోర్డు దుమ్ము అన్నీ కలిసి ఉంటాయి, కాబట్టి తడిసిన చోట తుడవడం మంచిది. సెల్ ఫోన్లు బాగుచేసే షాపులో ఐపీఏ అని అడగండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 99 శాతంది. మెత్తని కొత్త టూత్‌బ్రష్షుతో తడిసిన చోట, స్లాట్ల అంచుల్లో నెమ్మదిగా రాయండి. అది నీటిని తనలో కలుపుకుని తొందరగా ఎగిరిపోతుంది. అంటుకునే సరుకు, దీపారాధన గదికి దూరంగా, కిటికీ తీసి పెట్టుకుని చెయ్యండి. శానిటైజర్ వాడకండి, అందులో నీళ్ళు, గ్లిజరిన్ ఉంటాయి. థిన్నరు, పెట్రోలు అసలొద్దు, ప్లాస్టిక్‌ని తింటాయి.

ఉప్పు నీళ్ళు, టీ, కొబ్బరి నీళ్ళు పడితే మాత్రం ముందు డిస్టిల్డ్ వాటరుతో కడగాలి, ఇన్వర్టరు బ్యాటరీకి పోసేదే. ఉప్పుని, పంచదారని కరిగించేది నీళ్ళే, ఐపీఏ కాదు. తరవాత ఐపీఏ, తరవాత ఆరబెట్టడం.

రాజోలు_రమణి
కొబ్బరి నీళ్ళ దెబ్బ మా ఇంట్లో చూశాం. మా మరిది బోండాం తాగుతూ కీబోర్డు మీద ఒంపేశాడు. వారం తరవాత మీటలు నొక్కితే పైకి లేవవు, బెల్లప్పాకం పట్టినట్టు. చీమలు బారులు తీరాయి. కీబోర్డు కాబట్టి కొత్తది తెచ్చుకున్నాం, అదే సీపీయూ అయితే?

భీమవరం_బుల్లోడు
చీమలు ఎంటర్ కొట్టి మెయిళ్ళు పంపలేదు కదా వదినా

రాజోలు_రమణి
పంపితే మా మరిదికే పంపుంటాయి, ఇంకో బోండాం ఒంపమని.

పాలకొల్లు_ఫొటో
మెకానిక్ గారు నిన్న అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా పోయాను. ఇవాళ పాత బిల్లులు వెతికాను. నీళ్ళు పడ్డది ఆగస్టులో. ఏప్రిల్లో బోర్డు పోయింది. అప్పుడు కరెంటు హెచ్చుతగ్గుల వల్లే అనుకుని స్టెబిలైజర్ కూడా కొన్నాను. పాత బోర్డు ఇంకా అటక మీద ఉంది, దించి చూశాను. ర్యాము స్లాటు కింద పచ్చగా, పాచి పట్టినట్టు ఉంది. ఎనిమిది నెలలు అది లోపల తింటూనే ఉందన్నమాట. మేడంగారూ, నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను. డ్రయ్యర్ వాడకండి, తొందరపడకండి.

ముక్తేశ్వరం_మెకానిక్
అటకెక్కి మరీ చూసి చెప్పారు, దండం సార్. ఈ మాట నేను వందసార్లు చెప్పినా నమ్మరు, మీ బోర్డు ఫొటో ఒక్కటి చాలు. వీలైతే పెట్టండి.

కాకినాడ_లైన్‌మన్
ఒలికిన సంగతి పక్కన పెట్టి ఒక మాట. ఇంట్లో ఆర్‌సీసీబీ బిగించుకున్నారా? 30 మిల్లీ ఆంపియర్లది. కరెంటు మనిషి ఒంట్లోంచో తడి రేకులోంచో భూమిలోకి కారుతుంటే కనిపెట్టి కరెంటు ఆపేస్తుంది. షార్టుకి, ఎక్కువ లోడుకి పడిపోయే మామూలు ఎంసీబీ అలా ఆపదు, దానికి ఆ కారడం తెలియదు. రెండు పిన్నుల ప్లగ్గుతో, ఎర్తు లేకుండా కంప్యూటరు నడిపేవాళ్ళు మన వైపు ఇంకా ఉన్నారు, సీపీయూ రేకు ముట్టుకుంటే జివ్వుమంటుంది, అలవాటైపోయిందంటారు. తడి నేల ఉన్న ఊళ్ళలో అది అలవాటు చేసుకునే సంగతి కాదు. యూపీఎస్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు మాత్రం ఈ ఆర్‌సీసీబీని నమ్ముకోవద్దు, అందుకే మొన్న ముందు యూపీఎస్ ఆపమన్నాను.

లంక_గట్టు
వరద తరవాత మేము ఇంటి వైరింగు పైకి మార్పించాం, ప్లగ్గులన్నీ నడుం ఎత్తులో. సీపీయూ ఇనప స్టాండు మీద. గచ్చు తుడిచే బకెట్టు నీళ్ళు కూడా అందవు.

ద్రాక్షారామ_డీటీపీ
మూడో రోజు. శుభలేఖలు రెండూ ప్రెస్సులో అచ్చయిపోయాయి. ముహూర్తం మూడుసార్లు చూశాను.

నిన్న ఐపీఏతో తుడిచాను. ర్యాము స్లాటు అంచున దూది పుల్ల పెడితే బూడిదరంగు తడి వచ్చింది, రోజంతా ఫ్యాను గాలి తగిలాక కూడా. మీ మాట వినకుండా మొదటి రాత్రే ఆన్ చేసి ఉంటే ఆ తడి మీదే కరెంటు పడేది. ఇవాళ మళ్ళీ తుడిస్తే పుల్ల తెల్లగానే వచ్చింది. ర్యాము కాళ్ళని రబ్బరుతో రుద్దమని షాపబ్బాయి అన్నాడు, చెయ్యొచ్చా? ఇప్పుడు ఏ వరసలో వెళ్ళమంటారు?

ముక్తేశ్వరం_మెకానిక్
మెత్తని తెల్ల రబ్బరు, తేలిగ్గా, పొట్టు ఊదెయ్యండి. 

వరస మాత్రం మార్చకండి. బోర్డుని ఇవాళ ముట్టుకోవద్దు. ముందు నాన్నగారి డిస్కు. డిస్కుని బయటి నుంచి ల్యాప్‌టాప్‌కి కలిపే యూఎస్‌బీ-సాటా తీగ దొరుకుతుంది, పెద్ద డిస్కు కాబట్టి దానితో పాటు విడిగా 12 వోల్టుల ఎడాప్టర్ ఉన్నది అడగండి, లేనిదానితో తిరగదు. ఎవరి ల్యాప్‌టాప్‌కైనా పెట్టండి. చెవి దగ్గర పెట్టుకోండి. సన్నటి గుయ్ మంటే సరే. టక్, టక్ మని కొట్టుకుంటే వెంటనే ఆపేసి నాకు చెప్పండి, ఇంకోసారి పెట్టొద్దు. తెరుచుకుంటే ముందు రికార్డింగులు, ఆ తరవాతే మిగతావి. అవి రెండు చోట్ల పడ్డాకే బోర్డు సంగతి.

రాజోలు_రమణి
ఎదురుచూస్తున్నాం అక్కా.

భీమవరం_బుల్లోడు
నేను కూడా. క్లాసులో ఉండి చూస్తున్నాను.

ద్రాక్షారామ_డీటీపీ
గుయ్ మంది.

తెరుచుకుంది. మొత్తం 64 ఫైళ్ళు. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లోకి ఒకటి, పెన్ డ్రైవులోకి ఒకటి కాపీ చేశాం. ఆ తరవాత ఒకటి పెట్టి విన్నాం. మధ్యలో ఆయన ఆగి "కొంచెం మంచినీళ్ళివ్వమ్మా" అంటారు. అది నేను మరిచేపోయాను. అమ్మ పక్క గదిలోంచి వచ్చి నిలబడిపోయింది. రెండు రోజులుగా ఆవిడ మరచెంబు ముట్టుకోలేదు, నా వల్లే పోయిందని లోపల్లోపల కుమిలిపోతోంది. ఇవాళ ముట్టుకుంది.

లంక_గట్టు
కళ్ళు తడిశాయి. మా అమ్మాయి ఫొటోలు వచ్చిన రోజు మా ఇంట్లో కూడా ఇలాగే ఉంది.

ముక్తేశ్వరం_మెకానిక్
ఇంక బోర్డు పోయినా నాకు దిగులు లేదు. రేపు కొత్త ఎస్సెంపీఎస్ తెచ్చుకోండి. మొదట ఒక్క ర్యాము ముక్కే పెట్టి, డిస్కులు ఏవీ తగిలించకుండా ఆన్ చెయ్యండి. బయాస్ తెర వస్తే ఐదు నిమిషాలు అలా ఉంచండి. వాసన, పొగ, చిటచిట ఏదొచ్చినా తీగ పీకెయ్యండి. బాగుంటే ఆపి, రెండో ర్యాము, ఆ తరవాత ఎస్సెస్డీ, చివర్లో పెద్ద డిస్కు.

ద్రాక్షారామ_డీటీపీ
నాలుగో రోజు సాయంత్రం. ఎస్సెంపీఎస్ 2,400 అయింది. మీరు చెప్పిన వరసలోనే చేశాం. బోర్డు బతికింది! విండోస్ వచ్చింది, పేజ్‌మేకర్ తెరుచుకుంది, ఫాంట్లన్నీ ఉన్నాయి. ఒక్కటే తేడా, ఏ వెబ్‌సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదు అంటోంది. వైరస్సా?

పాలకొల్లు_ఫొటో
కింద మూల తేదీ చూడండి మేడం.

ద్రాక్షారామ_డీటీపీ
2016 జనవరి 1 అని ఉంది.

పాలకొల్లు_ఫొటో
అదేనండి. గుండ్రటి బ్యాటరీ తీశారు కదా, గడియారం మొదటికెళ్ళింది. వెబ్‌సైటు సర్టిఫికెట్టుకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటుంది. మీ కంప్యూటరు ఇంకా ఆ తేదీ రాలేదనుకుంటోంది. తేదీ, టైము సరిచేస్తే పోతుంది. మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్తుంటే ఆ సీఆర్ 2032 కొత్తది వెయ్యండి.

ద్రాక్షారామ_డీటీపీ
సరిచేశాను, అన్నీ తెరుచుకుంటున్నాయి. ఇంకొక్క సందేహం, తరవాత మిమ్మల్ని విసిగించను. డోరు మూసేశాక బల్ల మీద నాలుగు స్క్రూలు మిగిలాయి. పొడుగు తక్కువ, మరలు దూరం దూరంగా ఉన్నాయి. ఎక్కడ బిగించడం మర్చిపోయామో తెలియట్లేదు. విప్పి మళ్ళీ చూడాలా?

ముక్తేశ్వరం_మెకానిక్
సరిగ్గా నాలుగేనా? కొత్త ఎస్సెంపీఎస్ డబ్బాలో చిన్న కవరు వచ్చిందా, అందులో స్క్రూలు వాడారా?

ద్రాక్షారామ_డీటీపీ
ఆ, వాడాం. నల్లవి.

ముక్తేశ్వరం_మెకానిక్
అయితే ఆ నాలుగూ పాత ఎస్సెంపీఎస్‌వి. డోరు తియ్యక్కర్లేదు, దాచుకోండి.